తుపాకి వద్దన్నవారి అడవి

సైన్యం లేని దేశం కూడా ఉంటుందా అని మీకు సందేహం రావచ్చు. ఉంది. నికరాగ్వాకీ పనామాకీ మధ్యనున్న కోస్టారికా 1948 డిసెంబరులో తన సైన్యాన్ని రద్దు చేసేసుకుంది.

ఆ సంగతి విని సంతోషించినవారు అమెరికాలోని అలబామా రాష్ట్రంలో కొందరున్నారు. వాళ్ళు క్వేకర్లు. క్రైస్తవంలో ఒక శాఖ. ఏ కారణానికైనా సరే, మనిషిని చంపడం తప్పేనని వాళ్ళ నమ్మకం. సైన్యం జాబితాలో పేరు రాయించుకోమంటే నలుగురు కుర్రాళ్ళు ససేమిరా అని, 1949లో జైలుకు వెళ్ళారు. వాళ్ళు బయటికొచ్చాక, 11 కుటుంబాలవాళ్ళు పిల్లాజెల్లాతో కోస్టారికాకి తరలిపోయారు. 1951లో కొండల మీద భూమి కొని, మాంటెవెర్డె అని పేరు పెట్టుకున్నారు. స్పానిష్‌లో పచ్చని కొండ అని అర్థం.

ఎద్దుబండి తప్ప దిక్కులేని దారి. పాలు పట్నం చేరేలోగా విరిగిపోతాయి. అందుకని చీజ్ తయారుచేసి పంపడం మొదలెట్టారు. గడ్డి కోసం అడవి కొట్టారు గానీ, ఏరు పుట్టే కొండకొమ్మున మాత్రం ఐదొందల హెక్టార్ల పైచిలుకు గొడ్డలి తగలకుండా వదిలేశారు. అదెంత తెలివైన పనో చూడండి. సముద్రం మీంచి వచ్చే తేమగాలి అక్కడ మబ్బై చెట్లలో చిక్కుకుంటుంది. ఆకులూ, నాచూ ఆ తేమను పట్టి బొట్టుబొట్టుగా నేలకి దించుతాయి. వాన లేని రోజుల్లోనూ అంతే.

1972లో ఆ పక్కనే రక్షితారణ్యం ఏర్పడింది. 1987లో స్వీడన్‌లో ఓ పల్లెబడి పిల్లలు చందాలు పోగుచేసి కొంత అడవి కొనిపించారు. అదిప్పుడు 22 వేల హెక్టార్లు దాటింది. 2021లో మాంటెవెర్డె సొంత పురపాలన గల ప్రాంతమైంది.

ఇంత కాపాడినా ఒక ప్రాణి దక్కలేదు. ప్రపంచంలో మరెక్కడా లేని బంగారు కప్ప. 1966లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. వానలు మొదలైన కొద్దిరోజులు మాత్రమే, నిప్పుకణికల్లా మగకప్పలు నీటిగుంటల చుట్టూ చేరేవి. 1987లో 1500కు పైగా లెక్కపెట్టారు. 1989లో ఒక్కటే కనిపించింది. ఆ తరవాత లేదు. బూజుతెగులూ, ఎండిపోయిన వాతావరణమూ కారణాలని పండితులంటారు. కంచె గొడ్డలిని ఆపగలదు గానీ గాలిని ఆపలేదు కదా!

అయినా ఆ రైతులు కొమ్మున అడవిని ఉంచకపోతే, పోయిందని బాధపడ్డానికి ఆ కప్ప పేరైనా మనకి మిగిలేదా?