డేటాబేసు బఫర్ క్యాష్

డేటాబేసు బఫర్ క్యాష్ అనగా డిస్కులోని సమాచారపు పేజీల నకళ్ళను ప్రధాన మెమరీలో నిలువ ఉంచే భాగము. డిస్కు కంటే మెమరీ ఎన్నో రెట్లు వేగవంతమైనది కనుక వ్యాపార డేటాబేసుల వేగం చాలావరకు దీనిపైనే ఆధారపడి ఉంటుంది. హైదరాబాదులో హైటెక్ సిటీ, హఫీజ్‌పేట్ పరిసరాలలో విస్తరించిన సాఫ్టువేరు రంగంలో డేటాబేసు నిర్వాహకులకు ఇది సుపరిచితమైన విషయం.

== పనిచేసే విధానం ==
పోస్ట్‌గ్రెస్‌లో పేజీ పరిమాణం సాధారణంగా 8 కిలోబైట్లు, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీలో 16 కిలోబైట్లు. కావలసిన పేజీ మెమరీలో దొరికితే హిట్ అని, డిస్కు నుండి తేవలసి వస్తే మిస్ అని అంటారు. క్యాష్ నిండినపుడు చాలాకాలంగా వాడని పేజీని తొలగిస్తారు. ఐదు నిమిషాలకు ఒకసారైనా వాడే పేజీని మెమరీలో ఉంచడమే చౌక అని, ఆనాటి ధరలను బట్టి, 1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు ప్రతిపాదించారు.

== మందగమనానికి కారణాలు ==
* క్యాష్‌కు కేటాయించిన మెమరీ చాలకపోవడం. పై రెండు డేటాబేసులలోనూ ముందుగా ఉండే విలువ సాధారణంగా 128 మెగాబైట్లు మాత్రమే.
* మెమరీని అతిగా కేటాయించడం. అపుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత మెమరీని డిస్కుకు తరలిస్తుంది.
* సర్వరు పునఃప్రారంభమైన వెంటనే క్యాష్ ఖాళీగా ఉండడం.
* సూచిక లేనందున పట్టిక మొత్తాన్ని చదవవలసి రావడం.

చివరి కారణానికి ఒక ఉదాహరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పథకం ద్వారా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల కంప్యూటరీకరణ మొదలైంది. అటువంటి దస్తావేజుల పట్టికలో సర్వే నంబరుపై సూచిక లేదనుకుందాం. ఒక్క ఈసీ కోసం లక్షలాది వరుసలు చదవాలి. ఆ పేజీలు వచ్చి చేరితే అందరూ తరచుగా వాడే పేజీలు బయటకు పోతాయి. ఒకరి ప్రశ్న మూలంగా మిగిలినవారి పని కూడా నెమ్మదిస్తుంది.

== సమస్యను గుర్తించుట ==
1000 సార్లు పేజీలు కోరగా 950 సార్లు మెమరీలో దొరికితే హిట్ నిష్పత్తి 95 శాతం. అయితే ఈ అంకెను మాత్రమే నమ్మరాదు. సరిగా వ్రాయని ప్రశ్న ఒకే పేజీలను లక్షల సార్లు చదివితే నిష్పత్తి 99 శాతం దాటవచ్చు, కానీ ప్రాసెసరు సమయం వృథా అవుతుంది. అందువలన డిస్కు కోసం వేచి ఉన్న సమయాన్ని, ఒక్కొక్క ప్రశ్న చదివిన పేజీల సంఖ్యను కూడా పరిశీలించాలి.

== పరిష్కారాలు ==
మొదట ఎక్కువ పేజీలు చదివే ప్రశ్నలను సరిదిద్ది, అవసరమైన సూచికలు చేర్చాలి. ఆ తరువాతనే మెమరీ పెంచాలి; లేనిచో ఖర్చు పెరిగినా పట్టిక పెద్దదయ్యే కొద్దీ సమస్య తిరిగి వస్తుంది. పెద్ద నివేదికలను రద్దీ లేని వేళలకు మార్చాలి. ఇన్నోడీబీ కొత్త పేజీలను జాబితా మొదట కాక చివరి నుండి సుమారు 3/8 వంతు దూరంలో చేర్చి, తరచుగా వాడే పేజీలకు రక్షణ కల్పిస్తుంది. పోస్ట్‌గ్రెస్ 2008లో వెలువడిన 8.3 సంచిక నుండి పెద్ద పట్టికల వరుస పఠనానికి క్యాష్‌లో చిన్న భాగాన్నే వాడుతుంది.