ఐలాండ్ ఆఫ్ లాస్ట్ సోల్స్ (1932 చిత్రం)

ఐలాండ్ ఆఫ్ లాస్ట్ సోల్స్ అమెరికాకు చెందిన పారమౌంట్ సంస్థ 1932లో నిర్మించిన ఇంగ్లీషు భయానక చిత్రం. సుమారు 70 నిమిషాల నిడివి గల ఈ నలుపు తెలుపు చిత్రానికి ఎర్ల్ సి. కెంటన్ దర్శకుడు, ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1896లో వెలువరించిన ‘ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో’ నవల దీనికి ఆధారం. యూనివర్సల్ సంస్థ 1931లో డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రాలతో సొమ్ము చేసుకోవడం చూసి మిగిలిన స్టూడియోలు కూడా ఆ దారి పట్టినప్పుడు వచ్చిన టాకీలలో ఇదొకటి. అయితే శాస్త్రవేత్త చేసే నేరాన్ని ఇంత సూటిగా, ఏ సాకూ వెతకకుండా చూపిన చిత్రం వాటిలో మరొకటి లేదనే చెప్పాలి.

నవల పుట్టుకకు అప్పటి బ్రిటన్‌లో చెలరేగిన ఒక వివాదంతో సంబంధం ఉంది. బతికి ఉన్న జంతువు శరీరాన్ని పరిశోధన కోసం కోయడాన్ని వివిసెక్షన్ అంటారు. దీనిపై ప్రజల్లో నిరసన పెరగడంతో 1876లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసి, ఇటువంటి ప్రయోగాలకు లైసెన్సును తప్పనిసరి చేయడమే కాక, కొన్ని మినహాయింపులతో మత్తుమందు ఇవ్వాలన్న నియమం కూడా పెట్టింది. లండన్‌లో టి.హెచ్. హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం చదువుకున్న వెల్స్, ప్రాణి రూపం మార్పులేనిది కాదని, శస్త్రచికిత్సతో దాన్ని మలచవచ్చని 1895లో ఒక వ్యాసం రాసి, మరుసటి సంవత్సరమే ఆ ఊహను మోరో పాత్రకు అప్పగించాడు. నవలలో మోరో ప్రయోగశాల నుంచి చర్మం ఒలిచిన కుక్క ఒకటి వీధిలోకి తప్పించుకుపోవడంతో అతని గుట్టు రట్టయి, దేశం విడిచి పోవలసి వస్తుంది.

చిత్రకథలో, ఓడ మునిగి ప్రాణాలతో బయటపడిన ఎడ్వర్డ్ పార్కర్ (రిచర్డ్ ఆర్లెన్) తనను రక్షించిన సరుకుల ఓడ కెప్టెన్‌తో తగవు పడి, దక్షిణ సముద్రాల్లోని మోరో దీవికి చేరుకుంటాడు. జంతువులను కోసి, అతికి, మనుషులుగా మార్చడమే అక్కడ జరుగుతున్న పని. ఆ శస్త్రచికిత్సలు జరిగే గదికి అక్కడి ప్రాణులు పెట్టుకున్న పేరు బాధాగృహం. నాలుగు కాళ్లపై నడవకూడదు, మాంసం తినకూడదు, రక్తం చిందించకూడదు అన్న మూడు కట్టుబాట్లను మోరో వాటికి నేర్పి, కొరడా చప్పుడుతోనూ బాధాగృహం పేరుతోనూ అదుపులో ఉంచుతాడు. ఈ కట్టుబాట్లను వల్లించే శాసన పాఠకుడిగా, ముఖమంతా వెంట్రుకలతో, డ్రాక్యులా పాత్రధారి బేలా లుగోసి కనిపిస్తాడు. పాత్ర చిన్నదే గాని అతని గొంతు చిత్రం అంతటికీ శ్రుతి పెడుతుంది.

చిరుతపులి నుంచి తయారు చేసిన లోటా అన్న యువతి నవలలో లేదు. ఆ పాత్రకు పారమౌంట్ దేశవ్యాప్తంగా పోటీ నిర్వహించి, షికాగోలో దంతవైద్యుని దగ్గర సహాయకురాలిగా పనిచేస్తున్న కాథ్లీన్ బర్క్‌ను ఎంపిక చేసింది. ప్రచారం కోసం చేసిన ఈ చేర్పే చిత్రానికి అతి క్రూరమైన సన్నివేశాన్ని ఇచ్చింది. లోటాకు పురుషునిపై మనసు కలుగుతుందో లేదో చూడాలని మోరో పార్కర్‌ను ఆమెతో ఒంటరిగా వదులుతాడు. ఆమె కౌగిట్లో ఉన్న పార్కర్‌కు వీపు మీద గోళ్లు దిగబడతాయి. చెయ్యి పట్టి చూస్తే వేళ్లు మళ్లీ పంజాగా మారుతున్నాయి. ప్రయోగం విఫలమైందని కుంగిపోయిన మోరో, ఆమె ఏడవడం గమనించగానే ఉప్పొంగిపోతాడు, ఎందుకంటే తాను చేసిన ప్రాణుల్లో కన్నీరు పెట్టిన మొదటిది ఆమే. ఎదుటి ప్రాణి దుఃఖం అతనికి కేవలం ఫలితం.

మోరోగా నటించిన చార్లెస్ లాటన్‌కు అప్పటికి ముప్ఫై మూడేళ్లు. తెల్లని సూటు, చిన్న గడ్డం, అతిథి మర్యాదలో ఏ లోటూ లేని మాటతీరు ఆ పాత్ర రూపం; తెరమీది వెర్రి శాస్త్రవేత్తల మాదిరి కళ్లురిమి కేకలు వేయడు. కేకలన్నీ గోడ అవతలి నుంచే వస్తాయి. నేపథ్య సంగీతం దాదాపుగా లేని ఈ చిత్రం, ధ్వనిని అప్పుడే అందిపుచ్చుకున్న సినిమాకు కనిపించని చోటి నుంచి వినిపించే అరుపు ఎంత పదునైన సాధనమో గ్రహించింది. ఛాయాగ్రాహకుడు కార్ల్ స్ట్రస్, సన్‌రైజ్ చిత్రానికి తొలి ఆస్కార్ ఛాయాగ్రహణ పురస్కారాన్ని చార్లెస్ రోషర్‌తో పంచుకున్నవాడు. పొదలు, చువ్వలు, మంటల వెలుగు ముఖాలపై నీడలుగా పడేలా చిత్రీకరించాడు.

పతనానికి కారణం మోరోయే. పార్కర్‌ను వెతుక్కుంటూ అతని కాబోయే భార్యతో వచ్చిన మరో ఓడ కెప్టెన్‌ను చంపమని మోరో తన ప్రాణుల్లో ఒకదాన్ని పురమాయిస్తాడు. శాసనం చేసినవాడే శాసనాన్ని తప్పించాడని, మనిషికి చావు ఉంటే అతనికీ ఉంటుందని గ్రహించిన ఆ గుంపు అతన్ని బాధాగృహానికే ఈడ్చుకుపోయి, అక్కడి కత్తులను అతని మీదే ప్రయోగిస్తుంది. నవలలో మోరో ఒక ప్యూమా చేతిలో చనిపోతాడు. ఈ ఒక్క విషయంలో మూలం కంటే చిత్రమే బలంగా ఉంది. వెల్స్ మాత్రం తన ఆలోచనను భయానకం కింద తొక్కేశారని చిత్రాన్ని ఇష్టపడలేదు.

ఈ నవలను 1977లో బర్ట్ లాంకాస్టర్‌తో, 1996లో మార్లన్ బ్రాండోతో మళ్లీ చిత్రాలుగా తీశారు గాని, రెండూ దీని స్థాయిని అందుకోలేదు. బ్రిటన్‌లో సెన్సారు బోర్డు ఈ చిత్రాన్ని 1933లోనూ, 1951, 1957లలోనూ తిరస్కరించి, 1958లో కత్తిరింపులతో పెద్దలకు మాత్రమే అనుమతించింది. అదే బోర్డు 2011లో, తల్లిదండ్రుల విచక్షణ మేరకు పిల్లలు కూడా చూడవచ్చునంటూ పూర్తి చిత్రానికి పీజీ సర్టిఫికెట్ ఇచ్చింది.