పోరస్ గ్రాఫైటిక్ కార్బన్ కాలమ్

ద్రవ క్రొమటోగ్రఫీలో మామూలు సిలికాకు బదులు సూక్ష్మ రంధ్రాలున్న గ్రాఫైట్ రేణువులు నింపి వాడే కాలమ్ ఇది. ప్రయోగశాలల్లో పీజీసీ అంటారు. రక్తం, మూత్రం, తల్లిపాలు వంటి మానవ నమూనాల్లో ఉండే, నీటిలో ఇట్టే కరిగిపోయే అణువులను వేరుచేయడంలో దీనికి పేరుంది.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జాన్ నాక్స్, మేరీ గిల్బర్ట్ దీన్ని రూపొందించారు. 1988లో హైపర్‌కార్బ్ పేరుతో అమ్మకానికి వచ్చింది. తయారీ పద్ధతి మైనపు అచ్చుతో విగ్రహం పోయడం లాంటిదే. రంధ్రాలున్న సిలికాలో ఫినాల్ రెజిన్ నింపి, నైట్రోజన్‌లో కాల్చి బొగ్గుగా మారుస్తారు. తర్వాత క్షారంతో సిలికాను కరిగించి తీసేస్తారు. మిగిలిన కార్బన్‌ను 2,000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తే గ్రాఫైట్ పొరలు ఏర్పడతాయి. అచ్చు పోయింది, రంధ్రాలు మిగిలాయి.

ఈ పొరల ఉపరితలం చదునుగా ఉంటుంది. బల్లపరుపు అణువు దానికి ఆసాంతం అతుక్కుంటుంది, వంకర తిరిగినది కొన్నిచోట్లే తాకుతుంది. అందుకే ఆకారంలో మాత్రమే తేడా ఉన్న ఐసోమర్లను సైతం ఇది విడదీస్తుంది. పైగా విద్యుదావేశం ఉన్న అణువులనూ పట్టి ఉంచుతుంది. మామూలుగా వాడే, సిలికాతో చేసిన సీ18 కాలమ్‌లో అలాంటివి ఆగకుండా జారిపోతాయి. సిలికా గట్టి క్షారంలో కరుగుతుంది, గ్రాఫైట్‌కు ఆ బెడద లేదు.

దీని అసలు సత్తా తెలిసేది గ్లైకాన్ల దగ్గర. ప్రోటీన్లకు అతుక్కుని ఉండే ఈ చక్కెర గొలుసులను పీఎన్‌జీఏస్-ఎఫ్ ఎంజైముతో విడదీసి కాలమ్‌లోకి పంపుతారు. గొలుసు చివర ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఏ స్థానంలో అతుక్కుందన్నదే తేడా అయితే బరువు ఒక్కటే, కనుక మాస్ స్పెక్ట్రోమీటర్ బరువును బట్టి తేల్చలేదు. పీజీసీలో అవి వేర్వేరు సమయాల్లో బయటికి వస్తాయి. తల్లిపాలలోని ఆలిగోశాకరైడ్లకూ ఇదే దారి. ఈ కాలమ్ ఎంత నిశితమంటే, ఒకే చక్కెర తాలూకు ఆల్ఫా, బీటా రూపాలు సైతం రెండు శిఖరాలుగా కనిపించి తికమక పెడతాయి. ఆ చిక్కు తప్పించడానికి ముందే సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేస్తారు. క్యాన్సర్ మందు జెమ్‌సిటబైన్ రోగి తెల్లరక్తకణాల్లో ట్రైఫాస్ఫేట్‌గా ఎంత మారిందో కొలవడానికీ పీజీసీ వాడారు.

అయితే ఇది సుకుమారమైన సాధనం. ప్రోటీన్లు, కొవ్వులు ఒకసారి అతుక్కుంటే వదలవు, కాబట్టి ప్లాస్మాను బాగా శుద్ధిచేశాకే ఎక్కించాలి. గ్రాఫైట్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. దాని ఆక్సీకరణ స్థితి మారితే అణువులు బయటికి వచ్చే సమయాలూ మారిపోతాయి. ఈ కారణంగా మాస్ స్పెక్ట్రోమీటర్ స్ప్రే వోల్టేజి ప్రభావం పడకుండా కాలమ్‌ను ఎర్త్ చేయడం మంచిది. రోజువారీ మందుల పరీక్షలకు సీ18 చాలు; ఐసోమర్లను వేరుగా చూడాల్సినప్పుడే పీజీసీకి పెట్టే ఖర్చూ శ్రమా గిట్టుబాటవుతాయి.