గోల్కొండ మెట్ల మీద ఇన్కాల ప్రస్తావన

చాంద్రాయణగుట్టలో మేము ఏడుగురము మిత్రులము. చెన్నకేశవస్వామి సన్నిధి మా సమావేశస్థలము. పెద్దలు ఈ ప్రాంతమును కేశవగిరి అంటారు. తపాలా చిరునామాలో నేటికీ అది కేశోగిరియే. ఏటా ఆషాఢములో స్వామికి నమస్కరించి బయలుదేరి గోల్కొండ కోట మీది జగదంబికా మహంకాళి బోనాలను దర్శించుట, కొన్ని వారముల తరువాత మా పేటకు సమీపములోని లాల్ దర్వాజ సింహవాహినీ మహంకాళి బోనాలలో పాల్గొనుట మాకు చిరకాలముగా నియమము. ఈ పర్యాయము యాత్రలో ఒక ప్రశ్న పుట్టినది. దానికి సమాధానము వెదకగా తెలిసివచ్చిన చరిత్రను జిజ్ఞాసువుల ముందు ఉంచుతున్నాను.

మా బృందములో అందరికన్న చిన్నవాడు ఉద్యోగరీత్యా విదేశములలో ఉంటాడు. ఈ సంవత్సరము స్నేహితులతో కలిసి దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునకు వెళ్ళాడు. మాచు పిచ్చు శిథిలములను చూచి, జూన్ 24న కుస్కో నగరములో జరిగే ఇంతి రాయ్మి అను సూర్యోత్సవమును చూచి, నేరుగా ఆషాఢమునకు ఇంటికి చేరుకొన్నాడు. బాలాహిస్సారు మెట్లు ఎక్కుతూ ఉండగా, ముందు బోనాలు, వెనుక డప్పులు, ఆ సందడిలో మాతో అన్నాడు: "అన్నా, ఆడ గూడ మన రాముడే! ఇన్కా రాజులు సూర్యవంశపోళ్ళంట. వాళ్ళ పెద్ద పండుగ పేరు రామసిత్వ అంట. రాముడు, సీత!"

మా అందరికీ ఒడలు పులకించినది. ఒక్క సారు మాత్రము మాట్లాడలేదు. ఆయన మాలో పెద్దవారు, సంస్కృతము బోధించి విశ్రాంతి తీసుకొంటున్నవారు. ఒక మలుపు దగ్గర ఊపిరి తీసుకొనుటకు ఆగి, "దీనికి ప్రమాణము ఏమిటి నాయనా?" అని మాత్రము అడిగారు. చిన్నవాడు ఫోను చూపించాడు. సారు నవ్వి, "అది ప్రమాణము కాదు, ప్రమాణము ఉన్నదని చెప్పే మాట" అన్నారు.

ఇంటికి వచ్చి నేను ఆ మాట పుట్టుకను వెదికాను. 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్, గ్రీసు, ఇటలీ, భారత దేశముల దేవతలను పోల్చుతూ వ్రాసిన వ్యాసములో, రాముని ప్రస్తావన వచ్చినచోట, పెరూవాసులు కూడ తమ రాజులు సూర్యుని సంతతి అని చెప్పుకొంటారనీ, వారి మహోత్సవము పేరు రామసితోవా అనీ ఒక వాక్యము వ్రాశాడు. జోన్స్ మహాపండితుడు, సందేహము లేదు. కాని ఆయన పెరూ చూడలేదు. ఆ దేశభాష ఆయనకు విషయము కాదు. ఆ వాక్యము చేతులు మారుతూ, 1940లో చమన్ లాల్ ప్రచురించిన హిందూ అమెరికా అను గ్రంథము వంటి రచనల ద్వారా మన యిండ్లకు చేరినది. నేడు ఫోనులలో తిరుగుతున్నది దాని ప్రతిధ్వనియే.

మరి కుస్కోలో పుట్టి, ఆ భాష ఎరిగినవారు ఏమి వ్రాశారు? 1539లో ఇన్కా రాకుమారికీ స్పానిష్ సైనికునికీ జన్మించిన గార్సిలాసో దె లా వేగా తన మాతృవంశ చరిత్రను 1609లో ప్రచురించాడు. అందులో ఇంతి రాయ్మి ఒక పండుగ. సిత్వ పూర్తిగా వేరొక పండుగ. కెచువా భాషలో ఇంతి అనగా సూర్యుడు, రాయ్మి అనగా ఉత్సవము. రాయ్మి నుండి ఒక ముక్క, సిత్వ నుండి ఒక ముక్క తీసి అతికించినట్లు కనబడే ఆ సమాసములో రాముడూ లేడు, సీతయూ లేదు.

న్యాయశాస్త్రము చదివినవారికి ఈ దోషము పేరు తెలుసు: వాక్ఛలము. "నవకంబలుడు" అన్న మాటకు కొత్త కంబళి గలవాడు అని వక్త అభిప్రాయము, ప్రతివాది "వీనికి తొమ్మిది కంబళ్ళు ఏవీ?" అని ఎదురు ప్రశ్నిస్తాడు. శబ్దము ఒకటియే, అర్థము వేరు. శబ్దసామ్యమే హేతువైతే ఇన్కాలు రామభక్తులు మాత్రమే కాదు, తెలుగువారు కూడ కావలసివస్తుంది. తెలుగులో ఆ పేరు పలికితే "ఇంకా" అవుతున్నది కదా! ఈ మాట సారుతో అంటే ఆయన చాలసేపు నవ్వారు. తరువాత గంభీరముగా ఒక మాట చెప్పారు: "ఈ పిల్లవాడు దీనిని నమ్మి పదిమందిలో చెబుతాడు. అక్కడ ఎవరో తెలిసినవాడు అది అబద్ధమని నిరూపిస్తాడు. అప్పుడు వీడు రామసిత్వను ఒక్కదానిని విడిచిపెడతాడా, రాముని కూడ విడిచిపెడతాడా? నా భయము అది."

ఇంతటితో ఆగితే ఈ వ్యాసము ఒక ఖండనగా మిగిలేది. కాని సిత్వ అనగా నిజముగా ఏమిటో చదివినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. కల్పించిన పోలిక కన్న నిజమైన పోలిక ఎంతో గొప్పది.

1570ల దశకములో కుస్కోలో ఉండి ఇన్కాల కర్మకాండను వ్రాసిపెట్టిన క్రిస్తోబాల్ దె మొలీనా అను మతాచార్యుడు సిత్వను విస్తరముగా వర్ణించాడు. అది వర్షములు మొదలయ్యే కాలము. వానలతో వ్యాధులు వస్తాయి. వ్యాధులను నగరమునుండి వెళ్ళగొట్టుటకే ఆ పండుగ. నగరము నడుమ చతుష్పథములో ఆయుధధారులు నాలుగు దిక్కులకు ముఖము చేసి నాలుగు గుంపులుగా నిలుస్తారు. తమ రాజ్యమునకు వారు పెట్టుకొన్న పేరు తవంతిన్సుయు, నాలుగు భాగముల కూడలి అని అర్థము. "రోగములారా, పొండు" అని కేకలు వేస్తూ నాలుగు దారులలో పరుగెత్తుతారు. ఒకరు అలసిన చోట మరొకరు అందుకొంటారు. చివరివారు నదిలో దిగి స్నానము చేసి ఆయుధములు కడుగుతారు. నది ఆ వ్యాధిని సముద్రమునకు కొనిపోతుందని విశ్వాసము. నగరములో ప్రతి గృహస్థుడు వాకిట నిలిచి వస్త్రములు దులుపుతాడు. మొక్కజొన్నపిండితో చేసిన సంకు అను ముద్దను ముఖమునకు, ద్వారబంధమునకు పూస్తారు. ఆ పిండినే దేవతలకు, పితరులకు నివేదిస్తారు.

ఇప్పుడు మన ఆషాఢమును చూడండి. తొలకరి వచ్చినది, దానితో జ్వరములు, విషూచి. బోనము అనగా భోజనము: కొత్త కుండలో వండిన అన్నము, కుండకు పసుపుకుంకుమలు, కంఠమున వేపరెమ్మలు, పైన దీపము. స్త్రీలు దానిని శిరస్సున ధరించి అమ్మ వద్దకు తీసుకొనిపోతారు. పసుపు, వేపాకు కలిపిన నీటిని సాకగా పోస్తారు. పోతరాజు కొరడాతో ముందు నడుస్తాడు. పచ్చికుండ మీద నిలిచి జోగిని రాబోయే సంవత్సరమును పలుకుతుంది; అది రంగము. చివరకు ఘటము ఊరేగింపుగా వెళ్ళి మూసీలో నిమజ్జనమవుతుంది. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయచరిత్ర 1813నాటి కలరాతో ముడిపడినది: సైన్యములో డోలీ మోసిన సురిటి అప్పయ్య ఉజ్జయినిలో అమ్మకు మ్రొక్కుకొని, తిరిగివచ్చి ఇక్కడ ప్రతిష్ఠించాడని ఆలయ సంప్రదాయము. 1908 సెప్టెంబరులో మూసీ నగరమును ముంచినప్పుడు నిజాము మహబూబ్ అలీ ఖాన్ నదీమతల్లికి పసుపుకుంకుమలు సమర్పించాడని లాల్ దర్వాజలో జనశ్రుతి. వ్యాధి, వాన, వండిన ధాన్యము, వాకిలి, నది: రెండు చోట్లా ఇవే. వారికి మనము నేర్పలేదు, మనకు వారు నేర్పలేదు. రోగభయము కలిగిన మానవుడు వంటింటిలో ఉన్నదానిని తీసుకొని దైవమును ఆశ్రయించాడు. ఇరువైపులా అంతే జరిగినది.

ఒక భేదమును దాచరాదు. సిత్వకు ముందు పరదేశీయులను, అంగవైకల్యము గలవారిని నగరము వెలుపలకు పంపేవారని మొలీనా వ్రాశాడు. ఈ భాగము చదివి నాకు మనస్సు కలుక్కుమన్నది. ఇన్కాలు పర్వతశిఖరములపై శిశువులను బలి ఇచ్చారనుటకు సాక్ష్యములు కూడ ఉన్నాయి. పోలిక అనగానే ప్రతిదీ పవిత్రమని చెప్పనక్కరలేదు. మన బలుల గురించి మనలోనే భిన్నాభిప్రాయములు ఉన్నాయి, గుమ్మడికాయతో తృప్తిపడేవారూ ఉన్నారు.

సూర్యుని విషయము మరింత రమ్యము. జూన్ 21 ప్రాంతమున సూర్యుడు ఉత్తరపు అంచును చేరి దక్షిణమునకు మరలుతాడు. మనకు ఇది దక్షిణాయనమునకు నాంది, దేవతలకు రాత్రి. మన పంచాంగములు కర్కాటక సంక్రమణమును జూలై నడుమ గణిస్తాయి గాని తత్త్వము అదే. భూమధ్యరేఖకు దక్షిణమున ఉన్న కుస్కోకు ఆ దినము శీతకాలపు నట్టనడుమ. దూరమైన సూర్యుడు తమ వైపు తిరిగివస్తున్న దినము. మన మకర సంక్రాంతి ఆనందము వారికి ఇంతి రాయ్మిలో కలుగుతుంది. ఒకే మలుపు, ఒకరికి అస్తమయము, ఒకరికి ఉదయము. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు మా కేశవుడు శయనిస్తాడు. ఆ మాసములోనే అమ్మ పుట్టింటికి వస్తుంది. మా పేట పేరులోని చాంద్రాయణము కూడ ఇటువంటిదే అని చెప్పాలని నాకు ఉబలాటముగా ఉన్నది: చంద్రకళలతో పాటు గ్రాసములను 15 వరకు పెంచి, తిరిగి తగ్గించే వ్రతమది, ఆకాశమును బట్టి అన్నమును కొలుచుట. కాని పేరును బట్టి వాదిస్తే మరల ఛలమే అవుతుంది గనుక ఊరకుంటాను.

ఇక శిథిలముల మాట. 1532 నవంబరులో కహమార్కాలో ఇన్కా చక్రవర్తి అతావల్పాను స్పానియార్డులు బంధించారు, మరుసటి సంవత్సరము చంపారు. 1572లో చివరి ఇన్కా తుపాక్ అమారును కుస్కోలోనే శిరచ్ఛేదము చేశారు. సూర్యాలయమైన కొరికాంచా గోడల బంగారు రేకులు ఊడదీసి, ఆ గోడల మీదనే సాంతో దొమింగో మఠమును కట్టారు. ఇంతి రాయ్మి నిషేధింపబడినది. ఆ ఋతువులోనే వచ్చే కార్పస్ క్రిస్తీ ఊరేగింపు వీధులను ఆక్రమించినది. 1950 మే నెలలో వచ్చిన భూకంపములో పైనున్న మఠము బాగుగా కూలినది. సున్నము లేకుండ రాయికి రాయి ఒరసి పొదిగిన అడుగు గోడలు నిలిచి, మరల వెలుగు చూచినవి.

పండుగ మాత్రము రాతి వలె నిలువలేదు. 1944లో కుస్కో విద్వాంసులు, ముఖ్యముగా ఉంబెర్తో విదాల్ ఉందా, ఫౌస్తీనో ఎస్పినోసా నవార్రో, గార్సిలాసో గ్రంథమును ఆధారముగా చేసికొని సక్సాయ్‌వామాన్ దుర్గశిథిలములలో దానిని పునరుద్ధరించారు. ఇన్కాగా ఒక నటుడు, కెచువాలో సంభాషణలు, లామా బలి అభినయము మాత్రమే. మా చిన్నవాడు టిక్కెట్టు కొని కూర్చొని చూశాడు. అది నాటకమని తేలికగా తీసివేయుటకు నాకు నోరు రాదు. నాలుగు వందల ఏండ్లు తెగిన తీగను గ్రంథము ద్వారా మరల కట్టుకొన్నవారు వారు.

గోల్కొండలో కథ వేరు. కాకతీయుల కాలపు కొండకోటను 1364లో ముసునూరి కాపయనాయకుడు బహమనీలకు వదలుకొన్నాడు. తరువాత కుతుబ్ షాహీలు రాతికోటను పెంచారు. ఇబ్రహీం కులీని మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. శిఖరము దగ్గర ఆయన మసీదు ఒకటి, దానికి సమీపములోనే గండశిలల నడుమ అమ్మవారి గుడి. కంచెర్ల గోపన్న బందీగా మ్రగ్గిన గది కొంత దిగువన. 1686లో అక్కన్న మాదన్నలు హతులయ్యారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు సేనలకు కోట లొంగినది. దర్బారు లేదు, రాణివాసపు కప్పులు లేవు, ఫిరంగులు నోరు తెరచి పడి ఉన్నాయి. అయినా ఆషాఢములో గురువారము, ఆదివారము బోనములు ఆ 300కు పైబడిన మెట్లు ఎక్కుతూనే ఉన్నాయి. అక్కడ ఎవరూ గత రాజుల వేషము వేయరు. మోసేది లంగర్ హౌస్ నుండి, కార్వాన్ నుండి, మా పేట నుండి వచ్చిన గృహిణి. ఆమె పిల్లవాని జ్వరము నిజమైనది, మ్రొక్కు నిజమైనది. కోట ఎవరిదన్న ప్రశ్న ఆమెకు లేదు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. స్పానియార్డులు ఇన్కాల దేవతల స్థానములలో తమ పేర్లు పెట్టారు. వారి సిత్వకు మనము రామసిత్వ అని పేరు పెట్టితే, బలప్రయోగము లేకపోవచ్చును గాని పని అదే. ఈ మాట చిన్నవానికి చెప్పినప్పుడు అతడు నొచ్చుకొన్నాడు; రెండు దినములు మాతో మాట్లాడలేదు.

లాల్ దర్వాజ బోనాల తెల్లవారుజామున మేము అతని ఇంటికి వెళ్ళేసరికి అతని తల్లి గడపకు పసుపు పూస్తున్నది. ద్వారబంధమునకు వేపరెమ్మలు కట్టి ఉన్నాయి. అతడు స్టూలు మీద నిలిచి చివరి రెమ్మ కడుతూ, తల త్రిప్పకుండనే, "సారూ, ఆ మక్కపిండి ముద్ద ఏందన్నరు, సంకు కదా? వాళ్ళు గడపకు పూసిన్రా, పైన కమ్మికా?" అని అడిగాడు. సారు చెప్పులు విడుస్తూ, "పైకమ్మికి" అన్నారు.