గోదావరి డెల్టా గ్రామ లెక్కలు: అడంగల్ నుంచి లైవ్ రిపోర్టు దాకా

ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట 1852లో పూర్తై, కాలువల నీరు క్రమంగా డెల్టా గ్రామాలకు చేరడంతో, ఏ పొలానికి ఏ వనరు నుంచి నీరు అందింది, అందులో ఏ పంట పండింది, దానిపై ఎంత శిస్తు రావాలి అనే ప్రశ్నలకు ఏటా లెక్క చూపవలసిన అవసరం పెరిగింది. రైతువారీ విధానం నెలకొన్న గ్రామాలలో సర్వే నంబరు వారీగా ఈ వివరాలను గ్రామ లెక్కలు రాసే కరణం నమోదు చేసిన పుస్తకమే అడంగల్. దానికి కాలప్రమాణం ఫసలీ, అంటే జూలై 1న మొదలై జూన్ 30న ముగిసే రెవెన్యూ సంవత్సరం. జనవరితో మొదలయ్యే సంవత్సరం రెండో పంట అయిన దాళ్వాను రెండుగా చీలిస్తే, ఫసలీలో మొదటి పంట సార్వా, దాళ్వా రెండూ కలిసి ఇముడుతాయి.

నేటి డేటా నిపుణులు డైమెన్షనల్ మోడల్ అని పిలిచే అమరిక లక్షణాలు అడంగల్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. లావాదేవీల డేటాబేస్ ప్రతి వ్యవహారాన్నీ జరిగిన వెంటనే నమోదు చేయడానికి ఏర్పడినది కనుక, దానిపైనే పెద్ద మొత్తాలు కూడబోతే రోజువారీ నమోదు మందగిస్తుంది. అందువల్ల ఆ సమాచారాన్ని వేరొక చోట, కూడదగిన అంకెలను ఫ్యాక్ట్ పట్టికలోనూ, వాటిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని వివరించే సంగతులను డైమెన్షన్ పట్టికలలోనూ అమరుస్తారు. 1996లో వెలువడిన రాల్ఫ్ కింబాల్ గ్రంథం ఈ పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది. అడంగల్‌లో విస్తీర్ణం, శిస్తు ఫ్యాక్టులైతే, సర్వే నంబరు, ఫసలీ, పంట, నీటి వనరు, పట్టాదారు డైమెన్షన్లు. ఒక్కో వరుస దేనిని సూచిస్తుందో ముందే స్థిరపడి ఉన్నందువల్లనే గ్రామం, ఫిర్కా, తాలూకా, జిల్లా స్థాయిలలో మొత్తాలు పొరపాటు లేకుండా కూడడం సాధ్యమైంది. రెవెన్యూ అధికారులు గ్రామ లెక్కలను ఏటా సరిచూసే జమాబందీ ఆ కూడికకు ఆధారమైంది.

అయితే డైమెన్షన్లు స్థిరంగా ఉండవు. 1859లో రాజమండ్రి జిల్లా స్థానంలో గోదావరి జిల్లా ఏర్పడింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దై, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలు ఏర్పడ్డాయి. అమలాపురంలోని పొలం కదలకపోయినా దాని జిల్లా మారింది. పాత పేరు మీద కొత్త పేరు రాసేస్తే గతకాలపు మొత్తాలన్నీ తారుమారవుతాయి కనుక, ప్రతి పేరూ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లిందో డైమెన్షన్ పట్టికలో నిలపాలి. పొలం తరువాత చేతులు మారినా గడచిన ఫసలీ అడంగల్‌లో ఆనాటి పట్టాదారు పేరే నిలిచి ఉండడంలో ఈ నియమమే ఇమిడి ఉంది.

భూమి రికార్డులు, పంట నమోదు కంప్యూటరుకెక్కిన తరువాత, జమాబందీ దాకా ఆగవలసిన మొత్తాలను, మార్పు జరిగిన కొద్దిసేపటికే ఫ్యాక్ట్ పట్టికకు చేర్చి చూపడం సాంకేతికంగా సాధ్యమైంది. కానీ వరుసకు అర్థం, పేరుకు కాలపరిమితి నిర్ణయించకుండా సాధించిన వేగం తప్పుడు మొత్తాన్ని త్వరగా చూపుతుందే తప్ప పాలనకు తోడ్పడదు. ఆ నిర్ణయాలను ముందే చేసిన గ్రామ లెక్కల సంప్రదాయం డెల్టా చరిత్రలో ఆనకట్టతో సమానంగా అధ్యయనం చేయదగినది.