రేసు కారును నేలకు అదిమేది గాలే
సాధారణ కార్లకు రెక్కలు బిగిస్తే ప్రయోజనం శూన్యం

కరీంనగర్: హైదరాబాద్‌లోని హుస్సేన్‌సాగర్ తీరంలో 2023 ఫిబ్రవరి 11న దేశంలోనే తొలి ఫార్ములా-ఈ పోటీ జరిగింది. 18 మలుపులున్న సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్‌పై విద్యుత్ కార్లు పోటీపడగా, ఫ్రాన్స్‌కు చెందిన జీన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచారు. 2024లో జరగాల్సిన రెండో పోటీ రద్దయింది. రేసు కార్లకుండే రెక్కలను చూసి తమ కార్లకూ అలాంటివి అమర్చుకునేవారున్నారు. వాటి అసలు పనేమిటో తెలుసుకోవడం అవసరం.

తలకిందులైన విమానం రెక్క

కాలువలో నీరు ఇరుకైన చోట వేగం పుంజుకుంటుంది. గాలి తీరూ అంతే. అలా వేగం పెరిగిన చోట దాని పీడనం తగ్గుతుంది. విమానం రెక్క పైభాగాన పీడనం తగ్గడంతో విమానం పైకి లేస్తుంది. రేసు కారులో అదే రెక్కను తలకిందులుగా అమరుస్తారు. అది గాలిని పైకి మళ్లిస్తుంది, ప్రతిచర్యగా కారు నేలకు అదమబడుతుంది. ఈ అధోబలాన్నే డౌన్‌ఫోర్స్ అంటారు. బరువు పెరగకుండానే టైర్లకు పట్టు పెరుగుతుంది కనుక మలుపుల్లో వేగం తగ్గించాల్సిన అవసరం తక్కువ. ఫార్ములా-1 కార్లలో అధిక వేగం వద్ద ఈ బలం కారు బరువును మించుతుంది.

కింది భాగమే కీలకం

1977లో లోటస్ సంస్థ కారు అడుగుభాగాన్నే రెక్కలా మలిచింది. నేలకు, కారుకు మధ్య ఇరుకు సందులో గాలి వేగంగా సాగి కారును కిందికి లాగింది. మరుసటి ఏడాది లోటస్ కారుతోనే మారియో ఆండ్రెట్టి ప్రపంచ విజేత అయ్యారు. అయితే పక్కల అంచులు నేలను వీడితే పట్టు ఒక్కసారిగా పోయేది. దీంతో 1983 నుంచి అడుగుభాగం చదునుగా ఉండాలని ఫార్ములా-1లో నిబంధన విధించారు. అంతకుముందు 1969 స్పెయిన్ పోటీలో ఎత్తయిన రెక్కలు విరిగి రెండు లోటస్ కార్లు ప్రమాదానికి గురికాగా, ఆ తరహా రెక్కలను నిషేధించారు.

గాలి అడ్డమూ పెరుగుతుంది

డౌన్‌ఫోర్స్ పెరిగేకొద్దీ గాలి నిరోధమూ పెరిగి శక్తి వృథా అవుతుంది. బ్యాటరీ శక్తి పరిమితం కావడంతో ఫార్ములా-ఈ కార్లు రెక్కల కంటే టైర్లపైనే ఎక్కువగా ఆధారపడతాయి.

రహదారిపై టైర్లే రక్ష

వేగం రెట్టింపైతే డౌన్‌ఫోర్స్ నాలుగింతలవుతుంది. అంటే 240 కిలోమీటర్ల వేగంలో లభించే బలంలో 60 కిలోమీటర్ల వద్ద దక్కేది పదహారో వంతే. రాజీవ్ రహదారిపై చట్టబద్ధ వేగంతో వెళ్లే కారుకు వెనుక బిగించిన ప్లాస్టిక్ రెక్క అలంకారమే. పైగా వేగం పెరిగినప్పుడు అది వెనుక భాగాన్ని అదిమితే ముందు చక్రాలపై భారం కొంత తగ్గే వీలుంది. చిన్న కార్లలో అధిక భాగం ముందు చక్రాలతోనే నడుస్తాయి. తడి రోడ్డుపై కారును కాపాడేది సరైన గాలి, తగినంత గాడి లోతు ఉన్న టైర్లు, అదుపులో ఉన్న వేగమే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గేలోపే టైరు మార్చుకోవాలి.