నిజామాబాద్‌కు పెద్ద బ్రాండ్లు రావాలంటే ఏం కావాలి? బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి, మాల్‌కు సంబంధమేంటి?

పెళ్లి బట్టలకో, ఖరీదైన బ్రాండ్ వస్తువులకో నిజామాబాద్ నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు వెళ్లే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 'ఇంత పెద్ద టౌన్‌లో ఆ షోరూమ్ ఎందుకు పెట్టరు?' అని అడిగితే చాలామంది పర్మిషన్ల గురించి చెబుతారు. కానీ పర్మిషన్ కంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. ఒకటి జనం చేతికి నెలనెలా వచ్చే డబ్బు. రెండోది చిక్కుల్లేని స్థలం.

కంపెనీలు ఏం చూస్తాయి?

2011 జనాభా లెక్కల ప్రకారం నిజామాబాద్ నగర జనాభా 3.11 లక్షలు, బోధన్ జనాభా సుమారు 77 వేలు. రెండింటినీ 63వ జాతీయ రహదారి కలుపుతోంది. అంటే కొనేవాళ్ల సంఖ్యకు పెద్దగా లోటు లేదు.

అయితే మాల్‌లో దుకాణం పెట్టినవాళ్లు అద్దె, కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు ప్రతి నెలా కట్టాలి. వడ్లు, పసుపు డబ్బు సీజన్‌లోనే చేతికొస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చేది చాలా ఇళ్లలో ముందు అప్పులకు, ఇంటి పనులకు పోతుంది. అందుకే కంపెనీలు నెల జీతాలున్న ఇళ్లెన్ని అని లెక్కేస్తాయి. డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ, ప్రభుత్వ మెడికల్ కాలేజీ, 2023 ఆగస్టులో ప్రారంభమైన ఐటీ హబ్ లాంటివి ఆ లెక్కలో కలిసొస్తాయి.

బోధన్‌లో ఏం జరిగింది?

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరుపొందింది. కార్మికులకు జీతం, రైతులకు చెరకు బిల్లు, ఆ రెండింటితో బజారుకు గిరాకీ. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లాకౌట్ ప్రకటించారు. జీతాలు ఆగాయి, చాలామంది రైతులు చెరకు వదిలి వరికి మారారు. ఫ్యాక్టరీని తిరిగి తెరిపించాలనే డిమాండ్ కార్మికులు, రైతులకే పరిమితం కాదు. అది బోధన్ బజారుది కూడా.

పర్మిషన్లు ఎలా ఇస్తారు?

మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం కమర్షియల్ వినియోగానికి అనుకూలంగా ఉండాలి. వ్యవసాయ భూమి అయితే ముందు నాలా మార్పిడి చేయించుకోవాలి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం పెద్ద భవనాలకు సింగిల్ విండోలో 21 రోజుల్లో అనుమతిపై నిర్ణయం చెప్పాలి. గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 15 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న కమర్షియల్ భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. నిర్మాణ విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు, ఆపైన ఉంటే పర్యావరణ అనుమతి కూడా తప్పనిసరి.

స్థలంతో చిక్కేంటి?

ఊరి నడుమ పెద్ద స్థలాలు ఎక్కువగా ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంటాయి. లీజు దారి అలా వస్తుంది. ఇదే జిల్లాలోని ఆర్మూర్‌లో బస్టాండ్ పక్కన 7 వేల గజాలకు పైగా స్థలాన్ని ఆర్టీసీ 2013లో 33 ఏళ్ల లీజుకిచ్చింది. అక్కడ మాల్, మల్టీప్లెక్స్ వచ్చాయి. తర్వాత అద్దె బకాయిల వివాదం ముదిరి 2024 మేలో ఆర్టీసీ మాల్‌ను స్వాధీనం చేసుకుంది. విషయం హైకోర్టుకు చేరింది. ఇలాంటప్పుడు నెలనెలా అద్దె కడుతున్న దుకాణదారులకూ తిప్పలు తప్పవు.

మీరేం చేయొచ్చు?

* మాల్‌లో షాపు తీసుకునేముందు స్థలం ఎవరిది, లీజు ఎన్నేళ్లు మిగిలింది, బకాయిలున్నాయా అని రాతపూర్వకంగా అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఫైర్ ఎన్‌వోసీ చూడండి.
* ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రకటించినప్పుడు గడువులోగా అభ్యంతరాలు, సూచనలు ఇవ్వండి. మీ వీధి ట్రాఫిక్ తలరాత అక్కడే ఖరారవుతుంది.
* మాల్‌కు వెళ్తే, 2018 ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం మొదటి 30 నిమిషాల పార్కింగ్ ఉచితమని గుర్తుంచుకోండి.

21 రోజుల్లో పర్మిషన్ ఇప్పించే చట్టం ఉంది. నెల జీతం ఇచ్చే పని కల్పించడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. బ్రాండ్లు చూసేది ఆ రెండోదాన్నే.